వానలో వచ్చినవాడు

రేడియోలో ఆ పాట మొదలవగానే వెర్నాకు కాఫీ చేదెక్కింది.

"మళ్ళీ వచ్చింది," అంటూ డెల్మర్ లేచి శబ్దం పెంచాడు.

"పొద్దున్నుంచి నాలుగోసారి. నీ చెవులు అరిగిపోవూ?" అంది అతని భార్య ఓపల్, రొట్టెల పిండి పిసుకుతూ.

"ఊరంతా వింటుంటే నేను దూది పెట్టుకోవాలా? మన ఇంటి పాట."

వెర్నా చివరిసారి చెల్లెలింటికి వచ్చి ఏడాది దాటింది. ఈ ఆదివారం కుదిరింది. పొయ్యి మీద బీన్స్ ఉడుకుతున్నాయి. వేగుతున్న కోడి వాసనకు కుక్క గుమ్మం వదలడం లేదు. ఓపల్ మోచేతుల దాకా పిండి. బుగ్గ మీద కూడా పిండి. ఆ అవతారంలోనూ వెలిగిపోతోంది.

పాట అయిపోయింది. 'వానలో వచ్చినవాడు' ఆల్బమ్ ఈ వారం కూడా దేశంలో మొదటి స్థానంలోనే ఉందని రేడియో అతను చెప్పాడు. మన కెంటకీ కొండల పిల్ల ఇంత పని చేస్తుందని ఎవరనుకున్నారు అని మురిసిపోయాడు.

చిన్నప్పుడు అక్కాచెల్లెళ్ళిద్దరూ చర్చిలో కలిసి పాడేవారు. కళ్ళు మూసుకుని వింటే ఒక్కరే పాడుతున్నట్టుండేది. ఇప్పుడు ఒక్కరి గొంతే దేశమంతా తిరుగుతోంది.

ఆ ఆల్బమ్‌లో పాటలన్నీ ఒకే మగవాడి గురించి. ఎక్కడా పేరు లేదు. వెర్నాకు పేరు అక్కర్లేదు. అతను ఎదురుగానే నిలబడి గరిటెతో బీన్స్ రుచి చూస్తున్నాడు.

డెల్మర్ గరిటె పక్కన పెట్టాడు. వెనక నుంచి వెళ్ళి ఓపల్ భుజం మీద గడ్డం ఆనించి, ఆ పాటే ఆమె చెవిలో పాడాడు.

"వానలో తడిసి వచ్చినవాడా, నీ అడుగుల మట్టి నా గుమ్మంలోనే ఉంది..."

"జరుగు. అక్క చూస్తోంది."

"చూడనీ. వదిన పరాయిదా?"

వెర్నా చూసింది. చూడకూడదనుకుంటూనే చూసింది. తన బతుకంతా రోడ్ల మీదే. రోజుకో ఊరు, ఊరికో అద్దె గది. పొద్దున లేస్తే పక్కన పలకరించే మనిషి ఉండడు. దీనికి మాత్రం అన్నీ దక్కాయి.

పెరట్లో పిల్లలు కొట్టుకుంటుంటే విడదీయడానికి డెల్మర్ బయటికి వెళ్ళాడు.

"నీకేమే, అన్నీ కలిసొచ్చాయి," అంది వెర్నా.

"నీకేం తక్కువక్కా?"

ఆ మాట ఆమెకు ఎక్కడో తగిలింది. ఇన్నేళ్ళుగా లోపల దాచుకున్నది నాలుక మీదికి వచ్చేసింది.

"నీకో సంగతి చెప్పనా? మీ ఆయన నిన్ను అడగడానికి ముందు, ఉంగరం పట్టుకుని ఎవరి దగ్గరికి వచ్చాడో తెలుసా?"

చెల్లెలి ముఖం పాలిపోతుందని చూసింది. పిండి పిసికే చేతులు ఆగుతాయని చూసింది. ఆగలేదు.

"నీ దగ్గరికే," అంది ఓపల్. "నన్ను అడిగిన రోజే చెప్పాడు. నువ్వు కాదన్నావని కూడా చెప్పాడు."

"ఎందుకు కాదన్నానో చెప్పాడా?"

"నేనడగలేదు. నువ్వు ఊ అనుంటే నా గతేమిటా అని మాత్రం అప్పుడప్పుడూ భయమేస్తుంది."

వెర్నా ఆ ఒక్క రహస్యమైనా తనదనుకుంది. అది కూడా మొగుడూ పెళ్ళాలు ఎప్పుడో పంచుకున్నారు. కన్నీళ్ళు కనబడకుండా కాఫీ కప్పు మీదికి వంగింది.

ఎవరో తలుపు తట్టారు. పక్కింటి టాకెట్ పెద్దమ్మ. ఆ పాటల కొత్త రికార్డును పసిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెలకు హత్తుకుని నిలబడింది. లోపలికి రమ్మంటే సిగ్గుపడింది.

ఓపల్ చేతులు తుడుచుకుని ఆ రికార్డును అందుకుంది. "నీ బొమ్మ కింద సంతకం కావాలట అక్కా, పాపం నిన్నటి నుంచీ నీ కారు కోసమే కిటికీలో కూర్చుందట," అంటూ పెన్ను తీసి వెర్నా చేతిలో పెట్టింది.