కిటికీ గది

పాత నేతింటిని కింద దుకాణాలుగా, పైన ఫ్లాట్లుగా మార్పించిన తమ్ముడు, అన్నిటికంటే అందమైన గదిని అక్క కోసం అట్టిపెట్టాడు. గోడ పొడవునా కిటికీ ఉన్న మగ్గం గది అది.

"నాన్న గది నీకే అక్కా. ఈ వెలుతురు చూసి కొంటామని జనం ఎగబడుతున్నారు," అన్నాడు మురిసిపోతూ.

అక్క గుమ్మం దాటలేదు. "నాకు వెనకవైపు చిన్న గది చాల్లేరా."

తమ్ముడి ముఖం మాడిపోయింది. "ఆ చీకటి కొట్టా? నాన్న కూర్చున్న చోటంటే నీకింత అలుసా?"

"నువ్వు హాస్టల్‌కి వెళ్ళిన ఏడే నాన్నకి దారం ఆననంతగా చూపు మందగించిందిరా. ఆ తర్వాత ఇక్కడ కూర్చుని నేసింది నేను. తెలిస్తే చదువు మానేసి వచ్చేస్తావని నాన్నని నేనే నీకు చెప్పనివ్వలేదు."

"అయితే ఇది నీ గదే కదక్కా," అన్నాడు తమ్ముడు బతిమాలుతున్నట్టు.

"నాదే. నా తోటి ఆడపిల్లలు ఒక్కొక్కరే అత్తారింటికి వెళ్ళిపోవడం ఈ కిటికీలోంచే చూశాను. ఇంక దీని ముందు కూర్చోలేను."

తమ్ముడు గబగబా వెళ్ళి కిటికీ రెక్కలు మూయబోయాడు.

"తెరిచే ఉంచు. కొనేవాళ్ళు వస్తారు," అంటూ అక్క మెట్లు దిగింది.