విప్పని పొట్లం

1983 ఆగస్టు 9, మంగళవారం ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు, గుణుపురం దగ్గరి ఒక పల్లెలో గున్నమ్మ కొడుకు చనిపోయాడు. ఏడాది పిల్లాడు. రెండు రోజులుగా విరేచనాలు.

ఎనిమిదింటికి నర్సు రూతమ్మ వచ్చింది. విరేచనాలైతే నీళ్ళలో కలిపి తాగించే ఉప్పు, పంచదార పొట్లాన్ని ఆ ఇంటికి పదిహేను రోజుల కిందట ఇచ్చింది ఆమే.

"పొట్లం ఏటి సేసేవే అమ్మీ? పొయ్యిలో పారేసేవా?"

గున్నమ్మ లేచి బియ్యం కుండలోంచి ఒక గుడ్డమూట తీసింది. అందులో పొట్లం ఉంది. విప్పలేదు.

"పారేస్తానా సిస్టరమ్మా? పేణం నిలబెట్టే మందు, జాగర్తగా దాసుకోమని నువ్వే సెప్పేవు కదా. రోగం ముదిరితే కలుపుదామని ఉంచేను. రాత్రి కూడా, ఇంకా ముదరనేదులే అనుకున్నాను."

పొట్లం ఇచ్చినప్పుడు రూతమ్మ ఆ మాట చెప్పింది నిజమే. మొదటి విరేచనానికే కలపమని మాత్రం చెప్పలేదు. అవే మాటలతో ఆ ఊళ్ళో ముప్పై ఇళ్ళకు పొట్లాలు పంచింది.

పిల్లాణ్ణి పది గంటలకు పూడ్చడానికి తీసుకెళ్తారు. ఆలోపు రూతమ్మ మిగతా ఇరవై తొమ్మిది ఇళ్ళకూ వెళ్ళి, మొదటి విరేచనానికే కలపమని చెప్పి రావాలి.