మండలం నిండని మాల

రాజేశం ఆటో దిగీ దిగకముందే కేకేశాడు. “జమునా, ఇయ్యాలనే కొండగట్టుకు పోయి మాల తీసేస్త!”

బియ్యం చెరుగుతున్న భార్య తలెత్తలేదు. “మండలం ఇంక నిండలే గద, స్వామీ?”

మాల వేసుకుంటే కట్టుకున్న పెళ్లామైనా స్వామీ అనే పిలవాలి, పక్కలోకి రాకూడదు. దుబాయిలో చేసిన తప్పుడు పనికి హెచ్‌ఐవి అంటుకుందేమోనని భయపడిన రాజేశానికి, డాక్టరు చెప్పిన గడువు దాటి పరీక్ష తేలేదాకా జమునకు దూరంగా ఉండేందుకు దొరికిన ఉపాయం ఆ హనుమాన్ దీక్షే.

“రాత్రి అంజన్న కలలకొచ్చి చాలన్నడు.”

“అంజన్న చెప్పిండా, పెద్దపల్లి దవాఖానల నర్సమ్మ చెప్పిందా?”

“నీకెవలు చెప్పిన్రు?”

“నువ్వే. రోజూ పూజల కండ్లు మూసుకొని ‘అంజన్నా, హెచ్‌ఐవి నెగటివ్ రావాలె’ అని మొక్కుతుంటివి. వంటింట్లకు ఇనవడదా?” చేట పట్టుకున్న చేతులు ఆగాయి. “ఏమొచ్చింది?”

“నెగటివే.”

జమున కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఇన్నాళ్లూ తనొక్కడే భయంతో చస్తున్నాననుకున్నాడు రాజేశం. మెల్లగా దగ్గరికి పోబోయాడు.

ఆమె చేట అడ్డం పెట్టింది. “దూరం, స్వామీ! అంజన్నకు మొక్కిన మండలం నిండనియ్యి. అది నిండినంక నా మండలం సురువైతది.”