ఏడు పోట్ల డాక్టరు

"అ... నెస్... తీ... జి..." ముక్కకో రోకటిపోటు వేస్తూ వచ్చిన బిరాగో నాలుగో పోటుకే ఆయాసపడి ఆగిపోయింది.

"ఆగకూడదక్కా," అన్నాడు డాంక్వా మాస్టారు, తన పళ్ళెంలోకి రావలసిన ఫూఫూ, ఆ ఉడికించి దంచిన దుంపల ముద్ద, కేసి ఆశగా చూస్తూ. "అసలు ఒత్తు తర్వాతి ముక్క మీదే. 'ఆ' అని గట్టిగా. మిగతావి తేలిగ్గా."

"మత్తు డాక్టరంటే పోలా?"

"అ-నెస్-తీ-జి-ఆ-ల-జిస్ట్. మొదట్లో 'అన్' అంటే లేకపోవడం. నడుమ ఉన్నది స్పర్శ. చివర తోక, ఆ విద్య తెలిసిన మనిషని."

"కోసినా తెలియకుండా చేసే మనిషన్నమాట. మీ పాఠం కూడా అంతేగా మాస్టారూ, వింటూ ఉంటే ఒళ్ళు తెలియడం లేదు."

రోలు ముందు కూర్చున్న ఫ్రేమా భుజాలు నవ్వుతో కదిలాయి. కుమాసిలోని ఆ పూటకూటి ఇంట్లో దంచేది బిరాగో, పోటుకూ పోటుకూ మధ్య చెయ్యి పెట్టి ముద్ద తిప్పేది ఫ్రేమా. మాటలన్నీ బిరాగోవే.

మత్తు డాక్టరు చదువు ముగించిన అచియాకు ఆదివారం చర్చిలో పట్టా పండగ. బిడ్డ కొత్త హోదాను అయినవాళ్ళు లేచి నిలబడి చాటాలి. నిరుడు ఇదే పండగలో ఇరుగింటి పోకువా తన కొడుకు లాయరని చాటింది; ఆనాటి నుంచి వాయిదా లేకుండా అదే వాయిస్తోంది. నిన్న బజారులో అననే అంది: "ఆ మాట నీ నోట పట్టదులే బిరాగో. నర్సని చెప్పి కూర్చో."

"లాయరెన్ని ముక్కలు మాస్టారూ?"

"రెండు."

"మనది ఏడు. కానివ్వండి."

ఒత్తు తప్పు ముక్క మీద పడినప్పుడల్లా ఫ్రేమా రోలు అంచు మీద ఠపీమని కొట్టేది. సరిగ్గా పడేదాకా బిరాగోను వదల్లేదు. ఆ పూట తిండికొచ్చినవాళ్ళందరూ ఫూఫూతో పాటు ఇంగ్లీషూ నమిలారు.

ఆదివారం బిరాగో లేచింది. పోకువా విసనకర్ర ఆగింది. ఇక్కడ నాలుక మడతపడితే అచియా ఇన్నేళ్ళ చదువూ నవ్వులపాలే. బిరాగో చేతిలో లేని రోకలిని గట్టిగా పట్టుకుంది.

"మన అచియా, అ-నెస్-తీ-జి-ఆ..." ఒత్తు పిడుగులా పడింది. "లజిస్ట్."

చర్చి దద్దరిల్లింది. పోకువా కూడా చప్పట్లు కొట్టింది, తన వాడికెన్ని ముక్కలో అన్నే.

"తల్లి లేచి బిడ్డను దీవించాలి," అన్నాడు పాస్టరు.

బిరాగో గర్వంగా కూర్చుంది.

గొంతు ఆపరేషన్లో మాట పోయిన ఫ్రేమా లేచి, కూతురి తల మీద చెయ్యి వేసింది.