రెండు వేళ్ళ కొరత

"ఊపిరి బిగబట్టొద్దు నాయనా. మామూలుగా నిలబడు," అంది చౌడేశ్వరి.

జయరాములు ఊపిరి వదిలాడు. తల్లి అతని రొమ్ము చుట్టూ దారం తిప్పి రెండు కొసలనూ దగ్గరికి తెచ్చింది. కొసలు ఒకదాన్నొకటి ముట్టుకొని ఆగితే గెలిచినట్టు. ఒకదాన్నొకటి దాటితే దారం వదులైనట్టు, అతను ఓడినట్టు.

దాటాయి.

"ఎంత?"

"రెండు వేళ్ళు."

"పోయిన అమావాస్యకూ రెండు వేళ్ళే కదమ్మా."

"ఇప్పుడూ అంతే ఉండాది. నేనేం చేసేది నాయనా?"

ఆ దారం వేలూరు నుంచి వచ్చింది. యుద్ధానికి మనుషులను తీసుకుంటున్నారని విని, జయరాములు గుడియాత్తంలో రైలెక్కి పోయి కోట ముందు వరుసలో నిలబడ్డాడు. రొమ్ము ముప్పైమూడు అంగుళాలు ఉండాలట. రెండు వేళ్ళు తక్కువైంది. నేతగాడి బక్క ఒళ్ళు చూసి వరుసంతా నవ్వింది. హవల్దారు మాత్రం నవ్వలేదు. ముప్పైమూడు అంగుళాల దారం ఒకటి కొలిచి కత్తిరించాడు. ఇంటికి పోయి పొట్టి చేసుకోకుండా రెండు కొసలకూ లక్క ముద్ర వేశాడు.

"ఇది సరిపోయిన రోజు రా తంబీ. అంతదాకా ఈ పక్కకు రావద్దు," అన్నాడు.

జయరాములుకు యుద్ధం మీద మోజేమీ లేదు. జర్మనీ ఏ దిక్కున ఉందో కూడా తెలియదు. అతనికి కావలసింది గుంటలోంచి బయటపడడం. మగ్గం గుంట. తాత కాళ్ళు దించి కూర్చున్న గుంట. నాయన నేస్తూ నేస్తూ అందులోనే ఒరిగిపోయిన గుంట. పొద్దున దిగితే దీపాలవేళకు ఎక్కడమే. ఎదురుగా పడుగు, పక్కన గోడ. ఇరవై రెండేళ్ళకే తనను నడుముదాకా పూడ్చిపెట్టినట్టు ఉండేది అతనికి.

అందుకే తెల్లవారకముందే కౌండిన్య నది ఇసుకలోకి పోయేవాడు. నూరు దండాలు. రెండు నూర్ల బస్కీలు. ఆ తర్వాతే గుంట.

తల్లి సంగతి చెప్పాలి. మొగుడు పోయిన మనిషి, ఒక్కగానొక్క కొడుకు. ఇంకొకామె అయితే కాళ్ళకు చుట్టుకొని ఏడ్చేది. చౌడేశ్వరి ఒక్కసారి వద్దనలేదు. రాత్రి శనగలు నానబెట్టేది. ఒంటికి నువ్వులనూనె పట్టించేది. కొడుకు బద్ధకిస్తే తనే దుప్పటి లాగేసేది. అట్లాగని ఖాళీగా ఉండే మనిషా అంటే కాదు. వీధిలో ఎవరింట్లో పడుగు అయిపోయినా, దాని కొసలకు కొత్త పడుగు అతకడానికి ఆమెనే పిలిచేవాళ్ళు. వేళ్ళకు బూడిద అద్దుకొని, ముడి వేయకుండా, పోగుకు పోగు కలిపి మెలిపెట్టేది. ఆమె చెయ్యి పడిన పడుగు మగ్గం మీద తెగదని పేరు. అంత పనిలోనూ, మగ్గాలు ఆగే అమావాస్య నాడు కొడుకు కొలత మాత్రం మరిచేది కాదు.

నాలుగు అమావాస్యలు రెండు వేళ్ళే. ఐదో అమావాస్యకు రెండున్నర.

జయరాములు అరుగు మీద కూలబడ్డాడు. "తగ్గినానా అమ్మా? ఇన్ని దండాలు తీసి తగ్గిపోయినానా?"

పక్కింటి రాఘవులు తమలపాకు నములుతూ అందుకున్నాడు. "తగ్గకేం చేస్తాదప్పా. ఇసుకలో నువ్వు రొమ్ము విరిచేది ఒక గడియ. గుంటలో వంగి దాన్ని మడిచేది పగలంతా. మగ్గం నిన్ను మింగతా ఉండాది."

ఆ మాట జయరాములు మనసులో దిగబడిపోయింది. ఇక పేక పోగుతో అటూ ఇటూ పోయే నాడె విసిరినప్పుడల్లా రొమ్ము పోగంత లోపలికి పోతున్నట్టే తోచేది. దండాలు రెండు నూర్లు చేశాడు. చంకల కింద చొక్కా పిగిలింది.

"మన నేత గుడ్డే కదా నాయనా, నీళ్ళు తగిలితే ముడుచుకుంటాది," అని తల్లి పక్కన ఇంకో పేలిక వేసి కుట్టిచ్చింది.

ఎనిమిదో అమావాస్య. రెండు వేళ్ళు.

జయరాములు దారం లాక్కొని నేలకు కొట్టాడు. "చాలమ్మా. ఇంక నా వల్ల కాదు. ఈ దారమూ వద్దు, కొలతా వద్దు. రేపు జోలార్పేటకు పోతా. యాడికి పోయే రైలొస్తే ఆ రైలెక్కుతా. ఈ గుంటలో మాత్రం చావను."

చౌడేశ్వరి వంగి దారం తీసింది. కళ్ళకద్దుకొంది.

"ఎనిమిది నెలలు ఒళ్ళు హూనం చేసుకొని రెండు వేళ్ళ కాడ వదిలేస్తావా నాయనా? దొంగ మాదిరి రైలెక్కి పోతావా? నలుగురూ చూస్తా ఉండంగ దర్జాగా పోవల్ల నువ్వు. ఇంకొక్క అమావాస్య చూడు. అప్పటికీ కొరత పడితే నేనే నీకు మూట కట్టిస్తా."

"ఒక్కటే."

"ఒక్కటే నాయనా."

ఆమె దారాన్ని దేవుడి గూటి పక్కన మేకుకు తగిలించింది. అతను మళ్ళీ గుంటలోకి దిగాడు.

ఆ నెల మూడు నూర్లు తీశాడు. అమావాస్య రానే వచ్చింది. వీధిలో మగ్గాల చప్పుడు లేదు. ఏ ఇంట్లోనూ పడుగు అతికే పని లేదు.

"నదికి పోయి దండాలు తీసి వచ్చేస్తా. వచ్చినంక కొలుద్దువు. ఈపొద్దు ఆ కొసలు కలవకపోతే అడుగు," అన్నాడు జయరాములు. ఎన్నాళ్ళకో నవ్వాడు.

"పో నాయనా, పోయిరా," అంది తల్లి.

కొడుకు వీధి మలుపు తిరిగేదాకా చూసి, చౌడేశ్వరి తలుపు దగ్గరగా వేసి, మేకుకున్న దారాన్ని దించి, వేళ్ళకు బూడిద అద్దుకొని, ప్రతి అమావాస్య పొద్దునా చేసినట్టే రెండు లక్క ముద్రల నడుమ దాన్ని తెంపి, వేలెడు కొత్త పోగు అతికింది.