కాకుల బడి

పిండం పెట్టి అరగంటయింది. ఒక్క కాకీ దిగలేదు.

పెరట్లో కొబ్బరిచెట్టు మీద అరడజను ఉన్నాయి. మిగతా రోజుల్లో వడియాలు ఆరబెడితే కన్నుమూసి తెరిచేలోగా ఎత్తుకుపోయే దొంగవెధవలు, ఇవాళ అలిగిన పెళ్ళికొడుకుల్లా బిగుసుకు కూర్చున్నాయి.

“పన్నెండు కొడితే కర్ఫ్యూ అండి. పోలీసులు నన్ను ఇంటికి పోనివ్వరు,” అన్నారు పంతులుగారు మాస్కు సర్దుకుంటూ.

“కాకి ముట్టకపోతే ఎలాగండి? అన్నయ్య మనల్నొదిలి పైకెలా వెళ్తాడు?” అన్నాడు పోయినాయన తమ్ముడు పోతురాజు. ఆసుపత్రివాళ్ళు కవరులో చుట్టి ఇచ్చిన మనిషి. ఆఖరిచూపు కూడా దక్కలేదు. చెట్టుకేసి దణ్ణం పెట్టాడు. “అన్నయ్యా! నీ కూతుర్ని నేను చదివిస్తాను. వదినకి ఏ లోటూ రానివ్వను. వచ్చి ముట్టు!”

కాకులు కదల్లేదు.

పోతురాజు గుమ్మం వైపు తిరిగాడు. అన్న కూతురు దేవిశ్రీ, తొమ్మిదేళ్ళది, మెట్టు మీద కూర్చుని ఉంది. పది రోజులుగా ఆ పిల్ల ఏడవనూ లేదు, నవ్వనూ లేదు. బడి మూసేసినప్పటి నుంచీ దాని స్నేహితులు ఆ కాకులే. వాటికి తన క్లాసువాళ్ళ పేర్లు పెట్టి, రోజూ హాజరు పిలిచి, మధ్యాహ్న భోజనమంటూ అన్నం పెట్టేది.

“నువ్వు పిలవ్వే అమ్మలూ. నీ మాటైతే వింటాయి.”

దేవిశ్రీ లేచింది. “మెర్సీ,” అంది, పాఠం అప్పజెప్పినట్టు. చెట్టు మీంచి ఒక కాకి కావుమంది. “లోకనాథ్.” కావు. “గణేష్‌బాబు.” కావు. అందరూ హాజరే. ఒక్కరూ దిగలేదు.

“రేపు పదకొండో రోజు కదా, మళ్ళీ పెట్టి చూద్దాం. ఏదో తీరని కోరికుందండి ఆయనకి,” అని పంతులుగారు సైకిలెక్కేశారు.

నాయనమ్మ సుబ్బాయమ్మ మనవరాలిని పంపు దగ్గరికి తీసుకెళ్ళింది. పిల్ల వేళ్ళ మధ్య అన్నం మెతుకులు ఎండి అతుక్కుపోయి ఉన్నాయి. పొద్దున్న వండిన అన్నం గిన్నె ఎందుకు ఖాళీ అయిందో ముసలమ్మకి అప్పుడర్థమైంది.

“అన్నిటికీ పొద్దున్నే కడుపు నిండా పెట్టేశావా?”

“అవి ముడితే నాన్న వెళ్ళిపోతాడంటగా,” అంది దేవిశ్రీ.

సుబ్బాయమ్మ ఒక్కో మెతుకూ కడిగింది. పోతురాజు వినడం లేదు కదా అని చుట్టూ చూసి, గొంతు తగ్గించింది.

“రేపు పెద్ద గిన్నెడు వండుతాలే. కోడి కూయకముందే నన్ను లేపు.”