ఖాళీ పాడ్ బరువు

కళ్ళజోళ్ళ దుకాణం కట్టేసి వచ్చి, ఇంట్లో అందరూ పడుకున్నాక, కళ్ళజోళ్ళాయన కంప్యూటర్ గేమ్‌లో అంతరిక్ష నౌకలు కట్టేవాడు. విడి భాగాలు తగిలించడం ఆయన వంతు. నడపడం వేరే ఊళ్ళో ఒంటరిగా ఉండే బావమరిది వంతు. ఇద్దరూ హెడ్‌ఫోన్లు పెట్టుకుని కబుర్లు చెప్పుకుంటూ ఆడేవారు.

ఆ రాత్రి కొత్త నౌక ఒక పక్కకి ఒరిగింది.

“బావా, ప్రమాదమొస్తే తప్పించుకునే పాడ్ ఉందే, అందులో ఎవర్నైనా కూర్చోబెట్టావా?”

“లేదురా. ఖాళీదే.”

“మరి మనిషంత బరువు ఎక్కువ చూపిస్తోందేంటి?”

లెక్క ఎక్కడో తప్పిందనుకుని ఆయన పాడ్‌లో సీట్లు పీకేశాడు. ఆ అదనపు బరువు పోలేదు. పాడ్ మొత్తం తీసేసి కొత్తది తగిలించాడు. అదీ అంతే.

“దాన్ని బయటికి వదిలేయ్‌రా, పీడా పోతుంది.”

బావమరిది బటన్ నొక్కాడు. పాడ్ ఊడి, చీకట్లోకి తేలుతూ పోయింది. ఇప్పుడు దాని బరువు సరిగ్గానే ఉంది. మనిషంత బరువు నౌకలోనే ఉండిపోయింది.

నౌక బరువు ఎక్కడ ఆనుతోందో చూపించే పసుపు చుక్క కదిలింది. తోక నుంచి ముందుకి, మనిషి నడిచినంత నెమ్మదిగా, బావమరిది బొమ్మ కూర్చున్న సీటు వైపు వెళ్తోంది.

“బావా, ఒక్క నిమిషం. ఎవరో తలుపు కొడుతున్నారు.”

“తీయకు!”

అప్పటికే హెడ్‌ఫోన్లు బల్లమీద పెట్టిన చప్పుడైంది. తర్వాత గడియ తీసిన చప్పుడు. ఆ తర్వాత చాలాసేపు ఏమీ వినపడలేదు.

తెరమీద చుక్క సీటు దగ్గర ఆగింది. అవతల కుర్చీ కిర్రుమంది.

“రేయ్, నువ్వేనా?” అన్నాడు కళ్ళజోళ్ళాయన.

అవతల ఎవరో హెడ్‌ఫోన్లు తలకి సర్దుకుంటున్నారు.